పర్లాకిమిడి బిల్లులు: టాలీకి ఎక్కించే ముందు ఎక్సెల్‌లో తేల్చుకోవలసిన లెక్క

ఒడిశా, ఆంధ్ర సరిహద్దులో ఉన్న మా ఊరి పేరును బిల్లుల మీద ఎన్ని రకాలుగా రాస్తారో ఒక నెల కూర్చుని లెక్కపెట్టాను. పర్లాకిమిడి, పర్లాకిమెడి, పారలాఖెముండి అని మూడు, ఆంగ్ల అక్షరాల్లో మరో నాలుగు. శ్రీకాకుళం వైపు వర్తకుడు తెలుగులో చేత్తో రాసి పంపుతాడు. బరంపురం బిల్లు మీద దుకాణం పేరు ఒడియాలో, లోపల వివరాలు ఆంగ్లంలో ఉంటాయి. ఆ బరంపురమే ఒక బిల్లులో బ్రహ్మపూర్, ఇంకో బిల్లులో బెర్హంపూర్. 2011లో ఒరిస్సా పేరు ఒడిశాగా మారినా, పాత ముద్రలు వాడేవారి కాగితాల్లో ఇంకా ఒరిస్సాయే కనిపిస్తుంది. చదివే మనిషికి ఇవన్నీ ఒకటే. కంప్యూటర్‌కు మాత్రం ఒక అక్షరం మారినా, పేరు చివర ఒక ఖాళీ ఎక్కువైనా అది వేరే పేరు, వేరే ఖాతా.

నేను ఇక్కడ ఐదు కిరాణా టోకు దుకాణాలకు పద్దులు రాస్తాను. అన్నీ కలిపి నెలకు 600 దాకా కొనుగోలు బిల్లులు వస్తాయి. మా నాన్నగారు ఇదే పనిని చిట్టా, ఆవర్జా పుస్తకాల్లో చేసేవారు. ఆవర్జాలో కొత్త వర్తకుడికి పుట తెరిచే ముందు ఆయన తప్పకుండా సూచిక తిరగేసేవారు, ఆ మనిషి మరో పేరుతో అప్పటికే ఉన్నాడేమోనని. నేను ఎక్సెల్‌లో చేస్తున్నది కూడా ఆ సూచిక తిరగేయడమే. టాలీ గాని, మరే లెక్కల సాఫ్ట్‌వేర్ గాని వాడుతూ బిల్లులు ఒక్కొక్కటిగా చేత్తో ఎక్కిస్తున్నవారికి నా పద్ధతి ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

సమయం ఎక్కడ పోతోందో ముందు చూడండి

పని మొదలుపెట్టేముందు ఒక రోజు బిల్లులు ఎక్కిస్తూ, చేతులు ఎక్కడెక్కడ ఆగుతున్నాయో పక్కన గీతలు పెట్టుకోండి. నేను పెట్టుకున్నాను. అంకెలు కొట్టడానికి పట్టిన సమయం సగం కూడా లేదు. మిగతాదంతా ఆగడమే. ఈ పేరు టాలీలో ఏ ఖాతా? ఈ బస్తా 25 కిలోలదా, 50 కిలోలదా? పన్ను ఒకే మొత్తంగా వేయాలా, రెండుగా విడగొట్టాలా? ఈ బిల్లు నిన్ననే ఎక్కించానా? ఒకే ప్రశ్నకు నెలలో ముప్పైసార్లు సమాధానం వెతుక్కుంటున్నాను. ఒకసారి తేల్చిన సమాధానాన్ని పట్టికలో రాసిపెడితే మళ్లీ వెతకనక్కర్లేదు. స్ప్రెడ్‌షీట్ మనకు మిగిల్చే శ్రమ అక్కడే ఉంది. వేళ్ల వేగంతో దానికి పని లేదు.

నన్ను ఈ దారికి తెచ్చింది ఒక నష్టం. ఒక పప్పుల సరఫరాదారు పేరు టాలీలో రెండు ఖాతాలుగా ఉంది. ఒకదాంట్లో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక. ఒకే బిల్లు రెండు చోట్లా ఎక్కింది. షావుకారుగారు రెండు ఖాతాల బాకీ చూసి రెండుసార్లు సొమ్ము పంపారు, 18,400 రూపాయలు. అది తిరిగి రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే నాకు మరింత బాధ కలిగింది. ఆ వారమే పేర్ల పట్టిక మొదలుపెట్టాను.

పేర్ల పట్టిక

మొత్తం పద్ధతికి ఇదే ఆయువుపట్టు కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

ముందుగా టాలీ నుంచి ఖాతాల జాబితాను, సరుకుల జాబితాను ఎక్సెల్‌లోకి ఎగుమతి చేసుకోండి. పేర్లను మీరు టైప్ చేయకండి. సాఫ్ట్‌వేర్‌లో ఏ పేరు ఉందో అక్షరం పొల్లుపోకుండా అదే మన పట్టికలోకి రావాలి. ఈ జాబితా ఒక షీట్. దాని పక్కనే రెండో షీట్ తెరిచి రెండు కాలమ్‌లు పెట్టండి. ఎడమ కాలమ్‌లో బిల్లు మీద కనిపించే పేరు, కుడి కాలమ్‌లో టాలీలో ఉన్న పేరు. ఒకే వర్తకుడికి ఎడమవైపు ఎన్ని వరుసలైనా ఉండవచ్చు. కుడివైపు మాత్రం ప్రతిసారీ అదే పేరు.

తెలుగులో వచ్చే పేరును తెలుగులోనే, ఒడియాలో వచ్చేదాన్ని ఒడియాలోనే ఎడమవైపు రాసుకోవచ్చు. ఎక్సెల్‌కు లిపితో ఇబ్బంది లేదు. అయితే ఆ ఫైలును సీఎస్‌వీగా, అంటే కామాలతో విడగొట్టిన సాదా అక్షరాల ఫైలుగా దాచవలసి వస్తే యూటీఎఫ్-8 రకాన్ని ఎంచుకోవాలి. మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే మన అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు మిగులుతాయి. ఒకసారి అలా దాచి మూసేశాక అక్షరాలు తిరిగి రావు.

ఇప్పుడు బిల్లు ఎక్కించే షీట్‌లో మీరు బిల్లు మీది పేరు కొడితే, పక్క గడిలో టాలీ పేరు దానంతట అదే రావాలి. దానికి వీలుకప్ సూత్రం చాలు. ఎక్సెల్ 2021 గాని, 365 గాని ఉన్నవారు ఎక్స్‌లుకప్ వాడవచ్చు. వీలుకప్ వాడేవారికి ఒక హెచ్చరిక: సూత్రంలో చివరి మాట ‘ఫాల్స్’ అని తప్పకుండా రాయండి. అది వదిలేస్తే ఎక్సెల్ సరిగ్గా సరిపోయే పేరుతో ఆగదు, దగ్గరగా ఉందనుకున్న పేరు తెచ్చి పెడుతుంది. తప్పు పేరు వచ్చిందని అది మనకు చెప్పదు. పేరు దొరకనప్పుడు గడిలో తప్పు గుర్తు రావడమే మంచిది. ఆ గుర్తు కనబడితే ఆగి చూస్తాం.

నా దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయి మొదటి వారం ఆ గుర్తు కనబడినప్పుడల్లా కంగారుపడేది. “అక్కా, ఈ పేరు టాలీలో లేదు, కొత్త ఖాతా తెరవనా?” అని అడిగేది. “ముందు జీఎస్టీ నంబరు చూడమ్మా, ఆ నంబరు జాబితాలో ఉందేమో వెతుకు” అని చెప్పేదాన్ని. పదిలో ఎనిమిదిసార్లు ఆ నంబరు మరో పేరుతో అప్పటికే ఉండేది. అప్పుడు ఆమె చేయవలసిన పని, పేర్ల పట్టికలో ఎడమవైపు ఒక వరుస కలపడం. ఇప్పుడు ఆమె నన్ను అడగడం లేదు. మూడు నెలల్లో ఎడమ కాలమ్ 340 వరుసలకు చేరింది. ఆ తర్వాత వారానికి ఒకటో రెండో తప్ప కొత్తవి రావడం లేదు.

ఖాళీల సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. పేరుకు ముందూ వెనకా కంటికి కనబడని ఖాళీ ఉంటే ట్రిమ్ సూత్రం తీసేస్తుంది. వెబ్ పేజీల నుంచి కాపీ చేసిన పేర్లలో మాత్రం మరో రకం ఖాళీ వస్తుంది, ట్రిమ్ దాన్ని ముట్టుకోదు. సబ్‌స్టిట్యూట్ సూత్రంతో 160వ సంఖ్య అక్షరాన్ని మామూలు ఖాళీగా మార్చి, ఆపైన ట్రిమ్ చేయాలి. పేరు కళ్లెదుట ఉన్నా వీలుకప్ దొరకలేదంటోందంటే ముందు దీన్నే అనుమానించండి.

ఏరు దాటితే ఐజీఎస్టీ

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మా ఊరు అందులో చేరింది. మహేంద్రతనయ నది అవతల ఉన్న పాతపట్నం ఆంధ్ర వైపే ఉండిపోయింది. సంతకు, పెళ్లిళ్లకు మనుషులు ఎప్పటిలాగే అటూ ఇటూ తిరుగుతున్నారు. పన్ను లెక్కలో మాత్రం ఆ కాసింత దూరం చాలా పెద్దది. పాతపట్నం వర్తకుడు మాకు సరుకు పంపితే అది అంతర్రాష్ట్ర సరఫరా, ఐజీఎస్టీ అనే ఒకే పన్ను. ఎంతో దూరాన ఉన్న భువనేశ్వర్ నుంచి వస్తే రాష్ట్రం లోపలి సరఫరా, కేంద్రానికి సీజీఎస్టీ, రాష్ట్రానికి ఎస్‌జీఎస్టీ చెరిసగం. సరిహద్దు ఊళ్లలో పద్దులు రాసేవారందరికీ ఈ ప్రశ్న రోజూ ఎదురవుతుంది. దీన్ని గుర్తుపెట్టుకుని చేయడం కంటే షీట్‌కు అప్పగించడం క్షేమం.

జీఎస్టీ నంబరులో 15 అక్షరాలు ఉంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి: ఒడిశాకు 21, ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36, ఛత్తీస్‌గఢ్‌కు 22. లెఫ్ట్ సూత్రంతో ఆ రెండు అంకెలు విడిగా తీయండి. 21 అయితే ‘చెరిసగం’ అనీ, కాకపోతే ‘ఐజీఎస్టీ’ అనీ పక్క గడిలో వచ్చేలా ఇఫ్ సూత్రం రాయండి. లెఫ్ట్ తీసేవి అంకెల్లా కనిపించినా ఎక్సెల్ వాటిని అక్షరాలుగానే చూస్తుంది. కాబట్టి పోల్చేటప్పుడు 21ని ఉద్ధరణ చిహ్నాల మధ్య పెట్టాలి. ఇది తెలియక నేను ఒక సాయంత్రమంతా వెతికాను.

ఆ గడి చెప్పినదానికీ బిల్లు మీద ఉన్న పన్నుకూ తేడా వస్తే ఆ బిల్లును ఎక్కించకండి. 37తో మొదలయ్యే వర్తకుడి బిల్లులో సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ ఉన్నాయంటే, మన మనిషి అక్కడి దుకాణానికే వెళ్లి కౌంటర్‌లో కొని తెచ్చి ఉండవచ్చు. ఆంధ్రలో కట్టిన ఆ పన్నును ఒడిశా నమోదుతో మనం తిరిగి జమ పొందలేం. అలాంటి బిల్లులకు నా దగ్గర ఎర్ర దారపు కట్ట ఒకటి ఉంది. వాటిని ఆడిటరుగారికి చూపించి, ఆయన చెప్పాకే ఎక్కిస్తాను.

జీఎస్టీ నంబరు కొట్టేటప్పుడు సున్నాకు బదులు ఆంగ్ల ‘ఓ’ అక్షరం, ఒకటికి బదులు ‘ఐ’ అక్షరం పడడం చాలా మామూలు తప్పు. నంబరు నిర్మాణం తెలిస్తే దీన్ని పట్టుకోవడం తేలిక. మూడో స్థానం నుంచి పన్నెండో స్థానం వరకు ఉన్నది వర్తకుడి పాన్. అందులో ముందు ఐదు అక్షరాలు, తర్వాత నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం. అంటే మొత్తం నంబరులో ఎనిమిది నుంచి పదకొండు వరకు ఉన్నవి తప్పకుండా అంకెలే. మిడ్ సూత్రంతో ఆ నాలుగూ తీసి అంకెలో కావో అడగవచ్చు. లెన్ సూత్రంతో మొత్తం 15 ఉన్నాయో లేదో చూడవచ్చు. ఈ రెండు పరీక్షలతో నాకు తప్పులన్నీ దాదాపుగా దొరుకుతున్నాయి.

బిల్లు నంబర్లను ఎక్సెల్ చేతిలో పెట్టే ముందు

ఎక్సెల్‌కు ఒక స్వభావం ఉంది. మనం ఏది కొట్టినా అది అంకె కావచ్చునని, తేదీ కావచ్చునని ఊహించి మార్చేస్తుంది. బిల్లు నంబరు 3/12 అని కొడితే డిసెంబరు 3 చేసేస్తుంది. 0047 అని కొడితే ముందు సున్నాలు తీసి 47 మిగుల్చుతుంది. సరుకు రవాణాకు తీసే 12 అంకెల ఈ-వే బిల్లు నంబరును ‘ఈ’ అక్షరం మధ్యలో పెట్టి కుదించి చూపిస్తుంది. 16 అంకెల బ్యాంకు ఖాతా నంబరు కొడితే చివరి అంకెను సున్నా చేస్తుంది, ఎందుకంటే అది 15 అంకెల వరకే నిక్కచ్చిగా దాచగలదు. ఈ-వే నంబరు గడి రూపం మారిస్తే మళ్లీ కనబడుతుంది గాని, మిగతా నష్టాలు జరిగిపోయాక రూపం మార్చినా పాత నంబరు తిరిగి రాదు.

కాబట్టి ఒక్క అంకె కూడా కొట్టకముందే బిల్లు నంబరు, జీఎస్టీ నంబరు, హెచ్‌ఎస్‌ఎన్ (సరుకు రకాన్ని తెలిపే సంకేత సంఖ్య), ఈ-వే బిల్లు, బ్యాంకు ఖాతా కాలమ్‌లను పూర్తిగా ఎంచుకుని, వాటి రూపాన్ని ‘టెక్స్ట్’గా మార్చండి. వరస ముఖ్యం. ముందు రూపం, తర్వాత అంకె.

సరఫరాదారు మెయిల్‌లో పంపిన సీఎస్‌వీ ఫైలును రెండుసార్లు నొక్కి తెరవడం కూడా ఇలాంటి పొరపాటే. తెరుచుకునే సమయంలోనే సున్నాలు పోతాయి. ఖాళీ ఎక్సెల్ తెరిచి, డేటా మెనూలోంచి ఆ ఫైలును దిగుమతి చేసుకుంటే ఏ కాలమ్ టెక్స్టో మనం చెప్పగలుగుతాం. డబ్బు పెట్టి ఎక్సెల్ కొనలేనివారికి లిబ్రేఆఫీస్ కాల్క్ ఉచితంగా దొరుకుతుంది. అందులో సీఎస్‌వీ తెరిచేటప్పుడు కాలమ్ రకాలు అడిగే కిటికీ దానంతట అదే వస్తుంది. ఈ ఒక్క విషయంలో నాకు కాల్క్ ఎక్కువ నచ్చింది.

తేదీల సంగతి ఇంకా మెలకువగా చూడాలి. కంప్యూటర్ సెట్టింగు అమెరికా పద్ధతిలో ఉంటే, ముందు నెల, తర్వాత రోజు అనుకుంటుంది. ఆగస్టు 5 అని మనం కొట్టిన 05/08 మే 8 అయిపోతుంది. 13/08 కొడితే పదమూడో నెల లేదు కాబట్టి దాన్ని మామూలు అక్షరాలుగా వదిలేస్తుంది. అంటే నెలలో మొదటి 12 రోజుల తేదీలు చప్పుడు చేయకుండా తారుమారవుతాయి, మిగతావి తేదీలే కాకుండా పోతాయి. గుర్తుపట్టడానికి ఒక ఉపాయం: నిజమైన తేదీ గడిలో కుడివైపుకు, అక్షరాలు ఎడమవైపుకు ఒదిగి ఉంటాయి. కాలమ్‌లో కొన్ని అటు, కొన్ని ఇటు కనిపిస్తే ఆపండి. విండోస్‌లో ప్రాంతాన్ని భారతదేశంగా మార్చి, ఆ కాలమ్‌ను మొదటి నుంచి మళ్లీ కొట్టండి. నేను షీట్‌లో తేదీని 05-ఆగస్టు-2025 లాగా నెల పేరుతో కనబడేలా పెట్టుకుంటాను. అలా ఉంటే తారుమారైన తేదీ చూడగానే కంటపడుతుంది.

రెండు షీట్లు, ఒక తేడా గడి

అసలు బిల్లుల కోసం రెండు షీట్లు ఉంచండి. మొదటిదానిలో బిల్లుకు ఒక వరుస: తేదీ, బిల్లు నంబరు, బిల్లు మీది పేరు, టాలీ పేరు, జీఎస్టీ నంబరు, పన్ను రకం, కాగితం మీద ఉన్న మొత్తం. రెండోదానిలో సరుకుకు ఒక వరుస: బిల్లు నంబరు, టాలీ పేరు, సరుకు, హెచ్‌ఎస్‌ఎన్, పరిమాణం, యూనిట్, ధర, విలువ, పన్ను రేటు, పన్ను. పైన ఒకే ఒక శీర్షికల వరుస ఉండాలి. గడులు కలపవద్దు, మధ్యలో ఖాళీ వరుసలు వదలవద్దు, మధ్యలో మొత్తాలు వేయవద్దు. అందం కోసం చేసే ఈ పనులే దిగుమతి సమయంలో అడ్డుపడతాయి.

సమ్‌ఇఫ్స్ సూత్రంతో రెండో షీట్‌లోని సరుకుల విలువ, పన్ను కూడి మొదటి షీట్‌లోకి తెచ్చుకోండి. టాలీ పేరు, బిల్లు నంబరు రెండూ సరిపోయే వరుసలనే కూడాలి, ఎందుకంటే 112 నంబరు బిల్లు ఇద్దరు వర్తకుల దగ్గరా ఉంటుంది. వచ్చినదానిలోంచి కాగితం మీది మొత్తం తీసేస్తే వచ్చేది తేడా గడి. అది సున్నాకు దగ్గరగా ఉండాలి. పైసల సవరింపు వల్ల రూపాయి లోపు తేడా వస్తే సరే, అంతకు మించితే ఆ గడి ఎర్రగా మారేలా రంగు నియమం పెట్టండి. కాగితం మీది మొత్తాన్ని మాత్రం కాగితం చూసే కొట్టాలి. సూత్రంతో లెక్కించి అందులో పెట్టుకుంటే, మన లెక్కను మన లెక్కతోనే పోల్చినట్టు అవుతుంది.

ఒకే బిల్లు రెండుసార్లు ఎక్కకుండా మరో గడి కావాలి. టాలీ పేరు, బిల్లు నంబరు, ఆర్థిక సంవత్సరం మూడింటినీ కలిపి ఒకే తాళం మాటగా చేసి, అది కాలమ్‌లో ఎన్నిసార్లు ఉందో కౌంట్‌ఇఫ్‌తో లెక్కించండి. ఒకటి కంటే ఎక్కువ వస్తే బిల్లు మళ్లీ వచ్చిందన్నమాట. ఆర్థిక సంవత్సరం ఎందుకంటే, చాలామంది వర్తకులు ఏప్రిల్ 1న నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతారు. బిల్లు నంబరును విడిగా కౌంట్‌ఇఫ్‌కు ఇస్తే 0047, 47 రెండూ ఒకటే అనుకుంటుంది. కలిపి చేసిన తాళం మాటతో ఆ చిక్కు రాదు.

యూనిట్లకూ పేర్లకు చేసినట్టే ఒక పట్టిక చేయండి. నూనె టిన్నుల విషయంలో నేను మొదట తడబడ్డాను. 15 కిలోల టిన్ను వేరు, 15 లీటర్ల టిన్ను వేరు. వంటనూనె లీటరు సుమారు 910 గ్రాములు తూగుతుంది కాబట్టి 15 లీటర్లంటే పదమూడున్నర కిలోల పైచిలుకు. రెండూ ‘టిన్ను’ అని ఒకే పేరుతో ఎక్కితే గోడౌన్ నిల్వ ఎప్పటికీ సరిపోదు. పట్టికలో రెండు సరుకులుగా విడగొట్టాక ఆ గొడవ తీరింది.

పన్ను రేట్లను సూత్రంలో అంకెగా రాయకండి. సరుకు పేరు ఎదురుగా పట్టికలోనే ఉంచండి. 2025 సెప్టెంబరు 22న రేట్లు మారినప్పుడు ఈ జాగ్రత్త విలువ తెలిసింది. తలనూనె, సబ్బు, టూత్‌పేస్టు, బిస్కెట్లు 18 శాతం నుంచి 5 శాతానికి వచ్చాయి. నెయ్యి 12 నుంచి 5కు తగ్గింది. నేను సరుకుల పట్టికలో ‘సెప్టెంబరు 21 వరకు’, ‘22 నుంచి’ అని రెండు రేటు కాలమ్‌లు పెట్టి, బిల్లు తేదీ చూసి ఎంచుకునేలా ఇఫ్ రాశాను. అక్టోబరు మొదటి వారంలో చేతికొచ్చిన సెప్టెంబరు 18 నాటి సబ్బుల బిల్లుకు 18 శాతమే పడింది. రేటును పట్టికలో మార్చి పాతదాన్ని చెరిపేసి ఉంటే ఆ నెలలో నాకు ఎర్ర గడులే మిగిలేవి.

టాలీలోకి

టాలీప్రైమ్ 4.0 నుంచి ఎక్సెల్ ఫైలును నేరుగా దిగుమతి చేసుకునే వీలు ఉంది. అంతకు ముందు ఎక్స్‌ఎంఎల్ రూపం కావలసి వచ్చేది. ఆల్ట్, ఓ కలిపి నొక్కితే దిగుమతి మెనూ వస్తుంది. ముందు మాస్టర్లు, అంటే ఖాతాలు, సరుకులు, యూనిట్లు. తర్వాతే లావాదేవీలు. మన శీర్షికల్లో ఏది టాలీలో దేనికి సమానమో చెప్పే మ్యాపింగ్‌ను ఒకసారి చేసి దాచుకుంటే ప్రతి నెలా అదే పనికొస్తుంది. నమూనా ఎక్సెల్ ఫైలును టాలీయే ఇస్తుంది. ఒక బిల్లులో పది సరుకులుంటే వాటిని ఎలా అమర్చాలో ఆ నమూనాలో శ్రద్ధగా చూసి, మన రెండు షీట్ల నుంచి సూత్రాలతో మూడో షీట్‌ను ఆ అమరికలో తయారుచేసుకోవాలి. దిగుమతి చేసేది ఆ మూడోదాన్నే. సూత్రాలు అలాగే ఉంచి ఇవ్వకుండా, విలువలుగా అతికించిన ప్రతిని ఇవ్వండి.

దిగుమతికి ముందు బ్యాకప్ తీయండి. ఆల్ట్, వై నొక్కితే ఆ మెనూ వస్తుంది. ఇది నేను ఎవరికి నేర్పినా మొదట చెప్పే మాట, ఎప్పుడూ వదలని మాట. ఆ బ్యాకప్‌ను ‘పరీక్ష’ అని పేరు పెట్టిన వేరే కంపెనీగా తెరిచి, మొదట ఒకే ఒక బిల్లు పంపండి. తెరిచి చూడండి: తేదీ, పేరు, పన్ను, నిల్వ అన్నీ సరిగా పడ్డాయా? తర్వాత ఐదు బిల్లులు, వాటిలో ఒకటి ఐజీఎస్టీది, ఒకటి చెరిసగం పన్నుది, ఒకటి రెండు రేట్లున్నది ఉండాలి. అవి సరిపోయాకే అసలు కంపెనీలోకి మిగతావి.

పంపే ముందు రెండు సంఖ్యలు కాగితం మీద రాసుకోండి: ఎన్ని బిల్లులు, మొత్తం ఎంత. పంపాక టాలీ డే బుక్ తెరిచి ఆ రెండూ చూడండి. మా లెక్కలో మొన్న 118 బిల్లులకు 117 వచ్చాయి. రానిది ఏదో తేల్చడానికి ఐదు నిమిషాలు పట్టింది, ఒక సరుకు పేరు టాలీలో లేదు. ఆ రెండు సంఖ్యలూ రాసుకోకపోతే అది నెలాఖరు వరకు బయటపడేది కాదు.

ఎక్కిన బిల్లుల వరుసల్లో ‘ఎక్కింది’ అనే కాలమ్‌లో ఆ రోజు తేదీ వేయండి. ఆ తర్వాత తప్పు దొరికితే టాలీలోనే దిద్దాలి, షీట్‌లో దిద్ది మళ్లీ పంపకూడదు. దిద్దిన సంగతి షీట్‌లో పక్కన ఒక మాట రాసుకుంటే చాలు.

ఎవరికి అవసరం లేదు

నెలకు ముప్పై నలభై బిల్లులు, ఏడెనిమిది మంది వర్తకులు ఉన్న చిన్న కొట్టుకు ఇంత ఏర్పాటు అక్కర్లేదు. పేర్ల పట్టిక ఒక్కటి గోడకు అంటించుకున్నా పని జరుగుతుంది. రొక్కం వోచర్లను, సర్దుబాటు పద్దులను నేను ఇప్పటికీ టాలీలోనే నేరుగా రాస్తాను. వాటిలో ఒక్కోదానికీ ఆలోచించి రాయవలసినది ఉంటుంది.

దిగుమతికి వీలే లేని సాఫ్ట్‌వేర్లు కూడా కొన్ని దుకాణాల్లో ఉన్నాయి. నేను చూసే ఐదింటిలో ఒకటి అలాంటిదే. అక్కడ ఎక్సెల్‌లో తయారుచేసిన బిల్లును ఆ సాఫ్ట్‌వేర్ తెర మీద గడులు వచ్చే వరసలోనే అమర్చుకుని, చూస్తూ కొడతాం. పేరు, యూనిట్, పన్ను అన్నీ ముందే తేలిపోయి ఉంటాయి కాబట్టి చేయి ఎక్కడా ఆగదు. అంతకు ముందు రెండు రోజులు పట్టే పని, ఆ అమ్మాయి ఇప్పుడు ఒక పూటలో ముగించి, సాయంత్రం ఆరు గంటల గుణుపురం బస్సు అందుకుంటోంది.